ఇంటికి వచ్చే అతిథి, చేతికి వచ్చే అద్దె

(రాజమహేంద్రవరంలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, అది మన హక్కు అనీ తేల్చిన తీర్పు అది. దాని గురించి నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వేరు. "మీరు కొన్నాళ్ళు పై వాటా రోజువారీ అద్దెకు ఇచ్చారు గదా, అందులో మంచిచెడ్డలు చెప్పండి. పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. మన సభ్యులు చాలామంది అడుగుతున్నారు" అన్నారు. సరేనన్నాను. నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1975లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 2011లో గుమాస్తాగానే బయటికి వచ్చినవాణ్ణి. కనుక ఫైలు మీద నోటు రాసినట్లు, జరిగింది జరిగినట్లు మనవి చేస్తాను.

ముందుగా ఒక మాట. ఊరు కాని ఊరు వచ్చినవారికి ఇంట్లో చోటిచ్చి డబ్బు పుచ్చుకోవడం కొత్తగా పుట్టిన విద్య కాదు. గురజాడ వారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ మనందరికీ తెలుసు. పూటకు ఇంతని తీసుకుని అన్నం పెట్టే ఇళ్ళు మన ఊళ్ళలో చాలాకాలం ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, దారిలో ఏ ఊళ్ళో బసకు ఏ వసతి ఉందో రాస్తూ వెళ్ళారు. ఇక మన ఊరి సంగతి చెప్పనక్కర్లేదు. పన్నెండేళ్ళకోసారి గోదావరి పుష్కరాలు వస్తే, వీధి అరుగు కూడా అద్దెకు పోయేది.

ఇప్పుడు సెల్‌ఫోన్‌లో నడుస్తున్న వ్యవహారం పుట్టుక కూడా ఇలాంటిదే. 2007లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటి అద్దె కట్టుకోలేని ఇద్దరు కుర్రాళ్ళు ఉండేవారు. ఊళ్ళో ఏదో పెద్ద సదస్సు జరిగి హోటళ్ళన్నీ నిండిపోయాయి. వాళ్ళు తమ హాలులో గాలి ఊదిన పరుపులు మూడు పరిచి, మనిషికి 80 డాలర్ల చొప్పున ముగ్గురికి చోటిచ్చారు. అదే మరుసటి ఏడు ఎయిర్‌బిఎన్‌బి అనే కంపెనీ అయింది. పేరులో ఉన్న గాలి ఆ పరుపులదే. హోటళ్ళు చాలకపోవడం, ఇంట్లో చోటుండడం, చేతిలో డబ్బు లేకపోవడం, ఈ మూడూ కలిస్తే మన పుష్కరాల వీధి కూడా అంతే గదా.

నేను ఈ పనిలోకి దిగిన వైనం చెబుతాను. మాది కింద వాటా, పై వాటా ఉన్న చిన్న డాబా. గృహ నిర్మాణ అడ్వాన్సుతో కింది భాగం, గ్రాట్యుటీ సొమ్ముతో పై భాగం వేశాను. 2015 పుష్కరాల నాటికి పై వాటా ఖాళీగా ఉంది. తెలిసినవారి ద్వారా నాందేడ్ నుండి ఒక కుటుంబం వచ్చి పన్నెండు రోజులూ ఉన్నారు. వారిది కూడా గోదావరి ఒడ్డే. భాష రాకపోయినా మా ఇంటావిడా, ఆ ఇల్లాలూ వంటింట్లో స్నేహితులైపోయారు. వెళ్ళేటప్పుడు ఇల్లు కడిగి మరీ వెళ్ళారు. చెప్పిన డబ్బు కంటె ఎక్కువే ఇచ్చారు. ఆ రుచి నన్ను ఇందులోకి దింపింది.

తర్వాత 2018లో హైదరాబాదు నుండి మా అబ్బాయి వచ్చి, "నాన్నగారూ, పై వాటా నెల అద్దెకిస్తే తొమ్మిది వేలు. రోజుకు పద్ధెనిమిది వందల చొప్పున ఇస్తే అయిదు రోజుల్లో వచ్చేస్తుంది" అన్నాడు. లెక్క బాగానే ఉంది. ఫోటోలు తీశాడు, ఫోన్‌లో ఎక్కించాడు, వెళ్ళిపోయాడు. రంగు వేయించడం, ఏ.సి. పెట్టించడం, పరుపులు కొనడం మా వంతు.

ఇందులో లాభాలు లేవని నేను అనను. ఉన్నవి ఉన్నట్లు చెప్పాలి. ఇల్లు పాడుపడకుండా శుభ్రంగా ఉంటుంది. సంక్రాంతికి పిల్లలొస్తే ఆ నాలుగు రోజులూ ఎవరికీ ఇవ్వకుండా ఆపుకోవచ్చు. నెల అద్దెకున్నవారు ఖాళీ చేయరేమోనన్న బెంగ లేదు. మనలో కొందరికి ఆ బెంగ కోర్టు దాకా వెళ్ళింది. అన్నిటికంటె పెద్ద లాభం, తలుపు తట్టే మనిషి ఉండడం. మన సంఘంలోనే ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఒక సోదరి ఉన్నారు. పేరు చెప్పను. పిల్లలిద్దరూ విదేశాల్లో. ఆమె తన ఇంట్లో ఒకే ఒక గది, అదీ దర్శనాలకు వచ్చే వయసు మళ్ళిన దంపతులకే ఇస్తారు. "మందుల ఖర్చు గడవడం ఒక ఎత్తు, పొద్దున్నే ఇద్దరికి కాఫీ కలపడం ఒక ఎత్తు" అంటారామె. ఆ రెండో ఎత్తుకు ఏ బ్యాంకూ వడ్డీ ఇవ్వదు.

అతిథిగా వెళ్ళినప్పుడు కూడా దీని విలువ నాకు తెలిసింది. మా ఇంటావిడ ఆపరేషనుకు వేలూరు వెళ్ళాం. అక్కడి ఆసుపత్రికి మన జిల్లాల నుండీ, అటు బెంగాలు నుండీ ఎందరో వెళతారు. ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో గది, గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు ఇచ్చి రోజుకింతని తీసుకునే ఇళ్ళు ఉన్నాయి. పందొమ్మిది రోజులు ఉన్నాం. ఉప్పు లేని చారు నేనే పెట్టి ఇచ్చాను. హోటలులో ఉంటే అది సాగేది కాదు. పథ్యం తినేవారికి, నలుగురైదుగురు కలిసి వెళ్ళేవారికి వంటిల్లున్న బస ఎంతో మేలు.

ఇక రెండో పక్క. మా ఇంట్లో జరిగినవి రెండు చెబుతాను.

ఒక శనివారం నలుగురు కుర్రాళ్ళని చెప్పి తీసుకున్నారు. రాత్రికి పదకొండు మంది అయ్యారు. పుట్టినరోజట. పాటలు, సీసాలు, అరుపులు. పక్కింటాయన రిటైరయిన హెడ్మాస్టరు గారు. ముప్ఫై ఏళ్ళుగా మా రెండిళ్ళ మధ్య పెరటి గోడ మీదుగా కరివేపాకు, పెరుగు మారుతూ ఉండేవి. అర్ధరాత్రి ఆయన వచ్చి గేటు దగ్గర నిలబడి, ఒక్క మాట కూడా అనకుండా నా వంక చూసి వెళ్ళిపోయారు. తర్వాత నెల రోజులు నేను నమస్కారం పెడితే తల తిప్పుకున్నారు. పద్ధెనిమిది వందల రూపాయలకు ముప్ఫై ఏళ్ళ ఇరుగుపొరుగును తాకట్టు పెట్టానా అని నాకు నిద్ర పట్టలేదు.

రెండోది 2019లో. ఒక సాయంత్రం పోలీసులు వచ్చారు. మూడు నెలల కిందట మా పై వాటాలో ఇద్దరు ఉండి వెళ్ళారట. వారి మీద ఏదో చీటీల మోసం కేసు. "వాళ్ళ గుర్తింపు కాగితాలు చూపించండి, రిజిస్టరు చూపించండి" అన్నారు. నా దగ్గర ఒక ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదు. ఆ నంబరు పనిచేయడం లేదు. రెండు సాయంత్రాలు స్టేషను బెంచీ మీద కూర్చున్నాను. ఎస్.ఐ. గారు మర్యాదగానే మాట్లాడారు, అది వేరే సంగతి. ముప్ఫై ఆరేళ్ళు ఇన్‌వర్డు, డిస్పాచి, పర్సనల్ రిజిస్టర్లు గీత తప్పకుండా రాసినవాణ్ణి, నా సొంత ఇంటికి రిజిస్టరు పెట్టలేదు. ప్రభుత్వ కాగితం మీద ఉన్న భయం సొంత గుమ్మం మీద లేకపోయింది.

ఆ రాత్రే ఇంటికొచ్చి లెక్క వేశాను. గుమాస్తా లెక్క గనుక మీ ముందు పెడుతున్నాను. ఆ ఏడాది పై వాటా నిండింది 74 రోజులు. వచ్చింది 1,33,200 రూపాయలు. ఖర్చులు చూడండి. కమీషను 19,980. కరెంటు 21,000. దుప్పట్ల ఉతుకు 14,800. పనిమనిషికి అదనంగా 24,000. కాలిన గీజరు, చిరిగిన పరుపు, మళ్ళీ రంగు, అన్నీ కలిపి 18,400. మొత్తం 98,180. మిగిలింది 35,020 రూపాయలు. నెలకు తొమ్మిది వేల చొప్పున మామూలు అద్దెకిచ్చి ఉంటే 1,08,000 వచ్చేవి. మా అబ్బాయి చెప్పిన అయిదు రోజుల లెక్క తప్పు కాదు. ఆ అయిదు రోజులు ప్రతి నెలా లాభంగా మిగలాలంటే ఎన్ని రోజులు నిండాలో అందులో లేదు. నిండనప్పుడు కూడా పనిమనిషి జీతం ఆగదు.

ఇంతకీ ఆ లెక్కలో ఒక పద్దు వేయడం మరిచిపోయాను. దాన్ని మా ఇంటావిడ గుర్తు చేసింది. వచ్చిన ప్రతివారికీ తాళం ఇచ్చేది, నీళ్ళు పట్టి పెట్టేది, పనిమనిషి రానినాడు స్నానాల గది కడిగేది ఆవిడే. ఫోన్‌లో వచ్చిన మెప్పు మాటలు మాత్రం నా పేరున ఉండేవి. ఒకనాడు మెట్ల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, "మీరు 2011లో రిటైరయ్యారు. నేనెప్పుడు రిటైరవ్వాలో ఏ జీవోలో ఉందో కాస్త చూసి చెప్పండి" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంతలో 2020 మార్చిలో కరోనా లాక్‌డౌను వచ్చింది. ముందుగా తీసుకున్నవారంతా రద్దు చేసుకున్నారు. నెలల తరబడి ఒక్క మనిషి రాలేదు. తర్వాత పై వాటా ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబానికి నెల అద్దెకిచ్చేశాం. ఇప్పటికీ వారే ఉన్నారు.

ఈ అనుభవంతో నాకు తెలిసింది ఒకటే. నెల అద్దె ఆస్తి మీద వచ్చే ఆదాయం. రోజువారీ అద్దె ఒంటితో చేసే ఉద్యోగం. రెండిటినీ అద్దె అనే ఒకే పేరుతో పిలవడం వల్లనే మనం మోసపోతున్నాం. ఓపిక, ఇష్టం, మనిషి సాయం ఉండి, మనం ఉన్న ఇంట్లో, మన కళ్ళ ముందు చేస్తే అది మంచి ఉద్యోగమే. మనం లేని ఇంట్లో, మన చేతిలో లేని మనుషులతో చేయిస్తే అది ఆపద.

చట్టాలు కూడా ఈ దారినే నడుస్తున్నాయి. మన కేంద్ర పర్యాటక శాఖ వారి బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్, హోమ్‌స్టే పథకంలో ఒక గది నుండి ఆరు గదుల వరకు ఇవ్వవచ్చు. గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. కాని యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసిస్తూ ఉండాలి. న్యూయార్కు నగరంలో 2023 సెప్టెంబరు నుండి నెలలోపు అద్దెకిచ్చేవారు నగరపాలనలో నమోదు కావాలి, అతిథులు ఉన్నన్నాళ్ళూ తామూ ఇంట్లో ఉండాలి. స్పెయిన్‌లోని బార్సిలోనా నగరం, సొంత ప్రజలకు అద్దె ఇళ్ళు దొరకడం లేదని, పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులన్నీ 2028 నవంబరు నాటికి రద్దు చేస్తామని 2024లో ప్రకటించింది. అంటే ఇది మన జేబు లెక్క ఒక్కటే కాదు, వీధి లెక్క కూడా.

ఇంకో ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. కొండప్రాంతంలో విడిది ఇల్లు కొనండి, మేమే అద్దెకు తిప్పి నెలనెలా ఇంత ఖాయంగా ఇస్తాం అని వచ్చేవారు ఉన్నారు. నా మిత్రుడొకరు కమ్యుటేషన్ సొమ్మంతా అలా పెట్టారు. ఎనిమిది నెలలు చెక్కులు వచ్చాయి. తొమ్మిదో నెల ఆఫీసుకు తాళం. ఆయన ఆ ఇంటిని కళ్ళతో చూసింది ఒక్కసారి, అదీ పునాది మీద ఉండగా. పింఛను తప్ప మనకు నెలనెలా ఖాయంగా వచ్చేది ఏదీ లేదని గుర్తుంచుకోండి.

ఇప్పుడు పుష్కరాల మాట. 2027 జూన్ 26 నుండి జూలై 7 వరకు అంటున్నారు. 1979, 1991, 2003 పుష్కరాలకు నేను డ్యూటీలో ఉన్నాను. ఊరు ఎలా కిక్కిరుస్తుందో కళ్ళారా చూశాను. గదులకు గిరాకీ తప్పకుండా ఉంటుంది. ఇవ్వదలచినవారు ఇవ్వండి, తప్పు లేదు. అయితే ఈ కొద్ది జాగ్రత్తలు పాటించండి.

1. వచ్చిన ప్రతి పెద్దమనిషి గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. పేరు, ఊరు, ఫోను, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ రాసి సంతకం చేయించండి. రెండు వందల పేజీల నోటు పుస్తకం చాలు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు అధికారులకు ఆన్‌లైనులో తెలియజేయడం మన బాధ్యత. మన పిల్లలే విదేశీ పౌరసత్వం తీసుకున్న స్నేహితులను పంపినా అంతే.

2. ఫ్లాటులో ఉన్నవారు ముందు అపార్టుమెంటు సంఘం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మున్సిపాలిటీలోనూ, కరెంటు ఆఫీసులోనూ అడిగి తెలుసుకోండి. రోజువారీ అద్దెను వ్యాపారంగా చూస్తే పన్ను, కరెంటు రేటు మారవచ్చు.

3. నెల అద్దె ఆదాయంలో మరమ్మతుల కింద 30 శాతం మినహాయింపు ఉంది. రోజువారీ వసతిని వ్యాపార ఆదాయంగా లెక్కిస్తే ఆ మినహాయింపు రాదు, అసలు ఖర్చులే చూపుకోవాలి. ఏదైనా సరే, పింఛనుతో కలిపి రిటర్నులో చూపండి. ఖర్చుల రసీదులు దాచండి.

4. ఇంటి బీమా ఉన్నవారు డబ్బిచ్చి దిగిన అతిథుల వల్ల నష్టం జరిగితే వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చూసుకోండి. బీరువా, నగలు, దస్తావేజులు ఆ గదిలో ఉంచవద్దు.

5. ఎంతమంది, ఎన్ని రోజులు, రాత్రి ఎన్ని గంటలకు గేటు వేస్తారు, ఇవన్నీ ముందే కాగితం మీద రాసివ్వండి. ఇరుగుపొరుగుకు కూడా ముందే చెప్పండి.

6. మనం అతిథులుగా వెళ్ళేటప్పుడు, తెలియనివారి ఖాతాకు నేరుగా అడ్వాన్సు పంపవద్దు. యాత్రాస్థలాల గదుల పేరిట దొంగ ప్రకటనలు చాలా ఉన్నాయి. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయండి. సిగ్గుపడి ఊరుకుంటే డబ్బు దొరికే అవకాశం పోతుంది.

ఏడో నంబరు వేయకుండా ఒక మనవి. పన్నెండు రోజుల లాభం కోసం నెల అద్దెకున్న కుటుంబాన్ని ఖాళీ చేయమనవద్దు. ఆ పిల్లలకు అప్పుడే బడులు తెరిచి ఉంటారు. మనమూ ఒకప్పుడు బదిలీ మీద ట్రంకుపెట్టెలు మోసుకుంటూ ఊరూరా అద్దె ఇళ్ళు వెతికినవాళ్ళమే.

మొన్న మా అబ్బాయి మళ్ళీ ఫోన్ చేశాడు. "పుష్కరాలకు కింద వాటా ఇచ్చేసి మీరిద్దరూ హైదరాబాదు వచ్చేయండి నాన్నగారూ, రోజుకు ఎంతయినా ఇస్తారు" అన్నాడు. వాడి మంచికోరికే. నేను ఫోను మా ఇంటావిడ చేతికిచ్చాను. ఆవిడ ఇలా చెప్పింది: "పుష్కరాలకు మీ మేనత్తలు, పిన్నులు వస్తారు రా. వాళ్ళు ఎక్కడ దిగుతారు? మీ తాతగారికి పిండప్రదానం ఎక్కడినుండి వెళ్ళి చేస్తారు మీ నాన్నగారు? వీధి గది ఒక్కటి ఇద్దాం. ముసలి దంపతులైతేనే. ఈసారి రిజిస్టరు మీ నాన్నగారు రాస్తారు, దుప్పట్లు కూడా ఆయనే ఉతుకుతారు."

నేను ఆ ఉత్తర్వును శిరసావహించాను. నోటు పుస్తకం కొన్నాను. దుప్పట్ల సంగతి ఇంకా పరిశీలనలో ఉంది. పక్కింటి హెడ్మాస్టరు గారికి కూడా విషయం ముందే చెప్పి వచ్చాను. ఆయన నవ్వి, "పదకొండు మంది రారు గదా" అన్నారు.

సోదరులారా, మన ఇల్లు మన సర్వీసు మొత్తం కలిపి కట్టుకున్నది. దాన్ని అద్దెకివ్వాలా వద్దా, ఎవరికివ్వాలి, ఎన్నాళ్ళివ్వాలి అనే నిర్ణయం దూరాన ఉన్న పిల్లలదీ కాదు, ఫోన్‌లో ఉన్న కంపెనీదీ కాదు. అది ఆ ఇంట్లో ఉండి, ఆ ఇల్లు ఊడ్చే ఇద్దరిది. ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. ఆ లెక్కలో ఇంటావిడ మోకాళ్ళ పద్దు మరిచిపోకండి.